మార్కోనీ - ఆకాశానికి కట్టిన కంచె

రేడియో కనిపెట్టిందెవరు అని అడిగితే హైస్కూలు కుర్రాడైనా మార్కోనీ అని టక్కున చెప్పేస్తాడు. అందులో సగమే నిజం. విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని ప్రయోగం చేసి చూపినవాడు జర్మనీలో హెర్ట్జ్. వాటిని పట్టే సాధనాల మీద ఇంగ్లండులో లాడ్జ్, కలకత్తాలో మన జగదీశ్ చంద్ర బోస్, రష్యాలో పొపోవ్ పనిచేశారు. ప్రయోగశాలలోని వింతను సముద్రం మీద పనికొచ్చే సాధనంగా, దాన్ని ఓ పెద్ద వ్యాపారంగా నిలబెట్టినవాడు మాత్రం మార్కోనీయే. ఆ వ్యాపారం ప్రపంచ దేశాల సమావేశాల దాకా ఎలా వెళ్ళిందో మన విద్యార్థి మిత్రులు తెలుసుకోవాలని నా కోరిక.

గూలియెల్మో మార్కోనీ 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యాలో పుట్టాడు. తండ్రి భూస్వామి, తల్లి ఐర్లండులో సారా వ్యాపారానికి పేరుపడ్డ జేమ్సన్ల ఆడపడుచు. 1896లో తల్లితో కలిసి ఇంగ్లండు వెళ్ళి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. మరుసటి ఏడే కంపెనీ పెట్టాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు! 1901 డిసెంబరు 12న ఇంగ్లండులోని పోల్డూ నుంచి పంపిన మూడు చుక్కల సంకేతాన్ని అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో విన్నానని ప్రకటించాడు. లోకం నివ్వెరపోయింది.

అసలు కథ ఇక్కడే ఉంది. కంపెనీ ఓడలకు యంత్రాలను అమ్మేది కాదు, ఆపరేటరుతో సహా అద్దెకిచ్చేది. ఓడ ఎవరిదైనా ఆపరేటరుకు జీతమిచ్చేది కంపెనీ. పైగా ఒక కట్టడి: ఆపద వేళ తప్ప, వేరే కంపెనీ యంత్రమున్న ఓడలతో మాట్లాడకూడదు. స్టేషన్లు మా డబ్బుతో కట్టాం, పరాయివాళ్ళు ఉచితంగా వాడుకోవడమేంటని కంపెనీ వాదన. అందులో న్యాయం బొత్తిగా లేదని నేననను. కాని దాని ఫలితమేమిటి? అందరూ మార్కోనీ యంత్రమే వాడితీరాలి. ఆకాశానికి కంచె కట్టడమంటే ఇదే కదా!

1902లో జర్మన్ చక్రవర్తి తమ్ముడు హైన్రిష్ అమెరికా నుంచి డాయిచ్‌లాండ్ అనే ఓడలో తిరిగి వస్తున్నాడు. ఓడలో ఉన్నది జర్మన్ యంత్రం. మార్కోనీ స్టేషన్లు ఆయన సందేశం అందుకోలేదు. జర్మనీ మండిపడింది. 1903లో బెర్లిన్‌లో తొమ్మిది దేశాలను కూర్చోబెట్టి, యంత్రం ఎవరిదైనా సందేశం తీసుకోవాల్సిందేనని నియమం ప్రతిపాదించింది. జర్మనీకీ సొంత కంపెనీల లాభం ఉందనుకోండి! బ్రిటన్, ఇటలీ మాత్రం ఒప్పుకోలేదు. ఇటలీకి మార్కోనీ కంపెనీతో ఒప్పందం ఉంది, బ్రిటన్‌లో ఆ కంపెనీకే పలుకుబడి. ప్రభుత్వ ప్రతినిధుల నోట కంపెనీ ప్రయోజనమే పలికిందంటాను నేను.

1906లో బెర్లిన్‌లోనే మళ్ళీ సమావేశమైతే 27 దేశాలు సంతకాలు చేశాయి. తీరం స్టేషన్లు, ఓడలు పరస్పరం మాట్లాడుకోవాలన్నారు. ఆపద సంకేతంగా ఎస్.ఓ.ఎస్. నిర్ణయించారు. 1908 జూలై 1న అది అమల్లోకి వచ్చింది. అయితే ఓడకూ ఓడకూ మధ్య నియమాన్ని మాత్రం ఇష్టమున్న దేశాలకే వదిలేశారు. అమెరికా అసలు ఒప్పందాన్నే 1912 దాకా ఆమోదించలేదు.

ఆ 1912 ఏప్రిల్‌లోనే టైటానిక్ మునిగింది. దాని ఇద్దరు ఆపరేటర్లూ మార్కోనీ కంపెనీ మనుషులే. ఫిలిప్స్ మొదట పంపింది తమ కంపెనీ పాత సంకేతం సి.క్యు.డి. ఎస్.ఓ.ఎస్. తర్వాత కలిపాడు. నాలుగేళ్ళుగా అమల్లో ఉన్న అంతర్జాతీయ సంకేతం కన్నా కంపెనీ అలవాటే ముందు చేతికొచ్చిందన్న మాట! సుమారు 1500 మంది చనిపోయారు. 700 మందికి పైగా బతికారంటే అది కార్పేథియా ఓడకు వైర్‌లెస్ కబురు అందబట్టే. మార్కోనీని లోకం మెచ్చుకున్నది అందుకే, ఆ మెప్పు అర్హమైనదే. ఆ వేసవిలో లండన్ సమావేశం ఓడలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడితీరాలని నిర్ణయించింది. కంచె కూలింది. అదే ఏడు బ్రిటిష్ మంత్రులు కొందరు అమెరికన్ మార్కోనీ వాటాలు కొన్నారు, ఆ వ్యవహారం మరుసటి ఏడు బయటపడి పెద్ద రగడ అయింది.

మార్కోనీ 1909లో నోబెల్ బహుమానం అందుకున్నాడు, అదీ జర్మనీకి చెందిన బ్రౌన్‌తో కలిసి! 1923లో ఫాసిస్టు పార్టీలో చేరాడు. 1937 జూలై 20న రోమ్‌లో కన్నుమూశాడు. ఆయన గౌరవార్థం రేడియో స్టేషన్లు రెండు నిమిషాలు మౌనం పాటించాయి.

ఆ మనిషి ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. కాని యంత్రం కనిపెట్టడం ఒక ఎత్తు, అందరి యంత్రాలూ కలిసి పనిచేసే నియమం ఏర్పరచడం మరొక ఎత్తు. ఆ నియమం రాసే బల్ల దగ్గర కంపెనీలు ఎప్పుడూ ముందే కూర్చుంటాయి. ఓడ ప్రయాణికుల తరఫున కూర్చునేవాడెవడు? మిత్రులారా, రేపు మీలో కొందరు ఇంజనీర్లుగా, అధికారులుగా అలాంటి బల్లల దగ్గరికి వెళతారు. అప్పుడు మీ జీతమిచ్చేది ఎవరైనా సరే, ఆ ప్రయాణికుణ్ణి కాస్త గుర్తుపెట్టుకోండి.