ఉపాధ్యాయ శిక్షణకు దారి చూపిన వేలూరు విద్యార్థి

పాలారు ఒడ్డున వేలూరు, పలమనేరు వైపు నుండి దిగివచ్చే కౌండిన్య నది ఒడ్డున గుడియాత్తం, ఉత్తరాన చిత్తూరు, ఈశాన్యాన తిరుత్తణి. ఇవన్నీ ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు అనే ఒకే జిల్లాలోని ఊళ్లు. తెలుగు, తమిళం ఒకే వీధిలో, ఒకే అరుగు మీద వినిపించే సీమ ఇది. భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ సీమ బిడ్డడే. తత్త్వవేత్తగా, వక్తగా, రాజనీతిజ్ఞుడుగా ఆయనను ఎరుగనివారు లేరు. ఆయన కూడా ఒకనాడు శిక్షణ కళాశాలలో ఛాత్రోపాధ్యాయుడుగా కూర్చుని బోధన నేర్చుకున్నారన్న సంగతి మాత్రం అందరికీ అంతగా తెలియదు.

నెల్లూరు సమీపాన గల సర్వేపల్లి గ్రామం ఆ వంశీకుల పూర్వస్థానం. అక్కడి నుండి తరలివచ్చిన కుటుంబం తిరుత్తణిలో స్థిరపడింది. అక్కడ 1888 సెప్టెంబరు 5వ తేదీన వీరాస్వామి, సీతమ్మ దంపతులకు రాధాకృష్ణన్ జన్మించారు. తండ్రి చిరు రెవెన్యూ ఉద్యోగి. సంసారం పెద్దది, రాబడి స్వల్పం. ఎనిమిదేళ్ల ప్రాయంలో తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలకు పంపబడిన బాలుడు 1900లో పన్నెండేళ్లవాడై వేలూరు చేరుకున్నాడు.

వేలూరులో ఆర్కాటు మిషన్ వారి కళాశాల అప్పటికే పేరు గడించింది. వూర్‌హీస్ దంపతుల పేర వెలసిన ఆ సంస్థను ఊరివారు తమ నోటికి అనువుగా ఊరీసు కళాశాల అంటారు. 1900 నుండి 1904 వరకు, అంటే కౌమారం నుండి యౌవనపు తొలిమెట్టు వరకు, రాధాకృష్ణన్ చదువు అక్కడే సాగింది. నాటి ఆచారం ప్రకారం 1903లోనే శివకామమ్మతో వివాహం జరిగింది. పిన్న వయసులో మీదపడిన గృహస్థ బాధ్యత ఆయన చదువుకు ఆటంకం కాలేదు. వేలూరులో ఎఫ్.ఏ. ముగించి, విద్యార్థివేతనం పొంది మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు.

అక్కడ ఒక కూడలి ఎదురైంది. గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, చరిత్ర, తత్త్వశాస్త్రం అనే ఐదింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఏదీ తేల్చుకోలేని స్థితిలో, అప్పుడే పట్టం పుచ్చుకున్న జ్ఞాతి సోదరుడు ఒకరు తాను చదివి ముగించిన తత్త్వశాస్త్ర గ్రంథాలను ఇచ్చారు. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని విద్యార్థికి ఆ పాత పుస్తకాలే మార్గాన్ని నిర్ణయించాయి. అవే భౌతికశాస్త్ర గ్రంథాలై ఉంటే ఉత్తర ఆర్కాటు సీమకు ఒక విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు లభించి ఉండేవాడేమో! ఎంతటి ప్రతిభకైనా అవసరమైన వేళ అందివచ్చే చిన్న సాయం ఎంత విలువైనదో ఈ ఘటన చెబుతుంది.

ఎం.ఏ. పట్టా కోసం ఆయన వేదాంతంలోని నీతిశాస్త్రాన్ని గురించి 1908లో సిద్ధాంత వ్యాసం రచించారు. దానిని చదివిన ఆచార్యుడు హాగ్ దొర ప్రశంసించారు. 1909 ఏప్రిల్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల తత్త్వశాస్త్ర శాఖలో ఉద్యోగం లభించింది. అయినా చదువు పూర్తయినట్లు కాలేదు. విద్యాశాఖ ఉద్యోగికి బోధనలో శిక్షణ కూడా ఉండాలన్న నియమం మేరకు, 1910లో ఆయన సైదాపేటలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఎల్.టి.కి చేరవలసి వచ్చింది. తరువాతి కాలంలో బి.టి.గానూ, బి.ఇడి.గానూ మారినది ఆ పట్టమే.

ఎం.ఏ. పట్టభద్రునికి, కళాశాలలో పాఠం చెప్పినవానికి మళ్లీ విద్యార్థిగా కూర్చోవడం సులభం కాదు. కాని విషయం తెలియడం వేరు, దానిని మరొకరికి తెలియజెప్పడం వేరు. ప్రాణవాయువు ధర్మాలు కంఠస్థమైనంత మాత్రాన వాటిని పదమూడేళ్ల పిల్లవానికి బోధపరచడం వచ్చినట్లు కాదు. ఆ పిల్లవాడు దేనిని చూసి ఆశ్చర్యపోతాడో, ఎక్కడ తికమకపడతాడో, ఎందుకు మరచిపోతాడో గ్రహించాలి. అందుకే విజ్ఞానశాస్త్రం బోధించబోయేవారికైనా, భాష బోధించబోయేవారికైనా శిక్షణలో మనస్తత్వశాస్త్రం తప్పనిసరి పాఠ్యాంశం.

ఆ శాస్త్రంలోనే రాధాకృష్ణన్ రాణించారు. ఆయన పరిజ్ఞానాన్ని గమనించిన ఆచార్యుడు మనస్తత్వశాస్త్ర తరగతులకు హాజరు కానక్కరలేదని మినహాయించారు. అంతేగాక తోటి ఛాత్రోపాధ్యాయులకు ఆ విషయమై ఉపన్యసించే బాధ్యతను కూడా అప్పగించారు. శిష్యుని పాండిత్యానికి చిన్నబుచ్చుకోక చోటిచ్చిన ఆ గురువు ఔదార్యం స్మరింపదగినది. నాటి ఉపన్యాసాల సారమే 1912లో మనస్తత్వశాస్త్ర మూలాంశాలపై చిన్న ఆంగ్ల గ్రంథంగా వెలువడింది. సంక్లిష్టమైన విషయాన్ని తనవంటి వారికి సుబోధకం చేసే నేర్పు శిక్షణ దినాలలోనే ఆ విధంగా సానపట్టబడింది.

పిమ్మట ఆయన అనంతపురంలోనూ, రాజమహేంద్రవరంలోనూ కొంతకాలం బోధించి, 1918లో మైసూరు విశ్వవిద్యాలయానికి ఆచార్యులుగా వెళ్లారు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆహ్వానించినప్పుడు, మైసూరు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిలో ఆయనను కూర్చుండబెట్టి, గుర్రాలకు బదులు తామే లాగుతూ రైలు స్టేషనుకు చేర్చారు. ఏ ప్రభుత్వ బిరుదమూ అటువంటి గౌరవానికి సాటిరాదు.

తత్త్వశాస్త్ర ఆచార్యుడైనా విజ్ఞానశాస్త్రాల పట్ల ఆయనకు చిన్నచూపు లేదు. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా ఉన్న కాలంలో జయపురం మహారాజా విక్రమదేవవర్మగారి వితరణతో వాల్తేరులో విజ్ఞాన, సాంకేతిక శాస్త్రాల కళాశాల రూపుదిద్దుకుంది. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి వంటి యువ మేధావులు వచ్చి చేరారు. తెలుగు పిల్లలు విజ్ఞానశాస్త్రాలలో ఉన్నత విద్యకు తెలుగునేల మీదనే అవకాశం పొందారు. మంచి పట్టభద్రులు ఉంటేగదా పాఠశాలలకు మంచి విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు లభించేది!

సైదాపేట అనుభవానికి నాలుగు దశాబ్దాల తరువాత సార్థకత చేకూరింది. స్వతంత్ర భారత ప్రభుత్వం 1948లో నియమించిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి రాధాకృష్ణన్ అధ్యక్షులు. భౌతికశాస్త్రవేత్త మేఘనాథ్ సాహా, విద్యావేత్త జాకీర్ హుస్సేన్, వైద్యుడు లక్ష్మణస్వామి మొదలియార్ ఆ సంఘ సభ్యులలో ఉన్నారు. 1949 నాటి నివేదికలో ఉపాధ్యాయ శిక్షణను గురించి చేసిన సూచనలు సూటిగా ఉన్నాయి. పాఠశాలలో బోధనాభ్యాసానికి మరింత కాలం కేటాయించాలి. పరీక్షలో దానికి మరింత విలువ ఇవ్వాలి. అభ్యాసానికి తగిన పాఠశాలలను ఎంపిక చేయాలి. శిక్షణ కళాశాలల అధ్యాపకులలో అధికులు స్వయంగా బడిలో పాఠం చెప్పినవారై ఉండాలి. సిద్ధాంత భాగం స్థానిక పరిస్థితులకు అనుగుణంగా ఉండాలి. ఈత గట్టు మీద కూర్చుంటే రాదు. పాఠం చెప్పడం కూడా నల్లబల్ల ముందు, పిల్లల కళ్లలోకి చూస్తూ నేర్చుకోవలసిన విద్య.

మంచి సూచన వెనువెంటనే ఆచరణకు రాదు. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బి.ఇడి.ని రెండేళ్ల చదువుగా మార్చి, 20 వారాలు పాఠశాలలో గడపాలని నియమం విధించింది. 1949 నాటి ఆలోచన అంత స్పష్టమైన నియమం కావడానికి అరవై ఐదేళ్లు పట్టింది.

ఆంగ్ల బోధనా మాధ్యమం స్థానాన్ని క్రమంగా భారతీయ భాషలు స్వీకరించాలని కూడా ఆ సంఘమే సూచించింది. ఆంగ్లంలో ప్రపంచాన్ని మెప్పించిన వక్త అధ్యక్షత వహించిన సంఘం ఈ మాట చెప్పడం విశేషం. వేలూరు, గుడియాత్తం వంటి సరిహద్దు ఊళ్లలో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఇది దూరపు మాట కాదు. ఇంట పలికే మాటతో బల్లపై ప్రయోగాన్ని ముడివేసి చెప్పగల ఉపాధ్యాయుడు లభించిననాడే ఆ పిల్లలకు విజ్ఞానం సొంతమవుతుంది. తెలుగులో శాస్త్రం చెప్పగలవారు శిక్షణ పొంది రాకపోతే, పాఠ్యపుస్తకం చేతిలో ఉన్నా పాఠం పిల్లలకు అందదు.

అనంతర జీవితం జగద్విదితం. సోవియట్ రష్యాలో రాయబారిగా, 1952 నుండి పదేళ్లు ఉపరాష్ట్రపతిగా, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగా దేశానికి సేవలందించారు. 1954లో భారతరత్న పురస్కారం వరించింది. 1962 నుండి ఆయన జన్మదినం ఉపాధ్యాయ దినోత్సవమైంది. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో పరమపదించారు.

ఏటా సెప్టెంబరు 5న పాఠశాలల్లో పెద్ద తరగతుల పిల్లలు ఒక్క పూట ఉపాధ్యాయులై చిన్న తరగతులకు పాఠం చెబుతారు. సుద్దముక్క పట్టిన చేయి వణుకుతుంది, సిద్ధం చేసుకున్న మాట మరుపు వస్తుంది. సైదాపేటలో రాధాకృష్ణన్ అభ్యసించిన విద్యకు అదే తొలి మెట్టు. వారిలో ఒక్కరైనా పట్టుదలతో శిక్షణ పొంది, మళ్లీ ఈ సీమలోని తెలుగు బడికి విజ్ఞానశాస్త్రం బోధించడానికి వస్తే, ఆ జన్మదినోత్సవం సఫలమైనట్లే.