53 ఏళ్ల వయసులో ఉద్యోగ వేట

చిక్కడపల్లి సిటీ సెంట్రల్‌ లైబ్రరీలో పొద్దున్నే బ్యాగు పెట్టి కుర్చీ ఆపుకునే అలవాటు మీకుందా? అయితే అవార్డుల చాప్టర్‌ ఒకసారైనా తిరగేసే ఉంటారు. భౌతికశాస్త్రంలో నోబెల్‌, 1954, మాక్స్‌ బోర్న్‌. బిట్‌గా గుర్తుపెట్టుకోవడానికి ఆ ఒక్క లైను చాలు. కానీ ఆయన 50 ఏళ్లు దాటాక చేతిలో పర్మనెంట్‌ ఉద్యోగం లేక మన పక్కనే ఉన్న బెంగళూరు దాకా వచ్చాడనీ, అక్కడా కాదనిపించుకున్నాడనీ ఆ పుస్తకాల్లో ఉండదు.

ఆయనకు నోబెల్‌ కంటే ముందు వచ్చిన పెద్ద గుర్తింపు మాక్స్‌ ప్లాంక్‌ మెడల్‌. సిద్ధాంత భౌతికశాస్త్రంలో గొప్ప పని చేసినవాళ్లకు జర్మన్‌ ఫిజికల్‌ సొసైటీ ఇచ్చే పతకం ఇది. 1929లో మొదటిసారి ఇచ్చినప్పుడు అందుకున్నది స్వయంగా ప్లాంక్‌, ఐన్‌స్టీన్‌. తర్వాత బోర్‌, సోమర్‌ఫెల్డ్‌, లావే లాంటివాళ్లు. బోర్న్‌ పేరు ఈ వరుసలోకి ఎప్పుడు చేరిందో గమనించండి, అసలు కథ అక్కడే ఉంది.

బోర్న్‌ 1882 డిసెంబర్‌ 11న బ్రెస్లావ్‌లో పుట్టాడు. అప్పుడది జర్మనీ ఊరు, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. యూదు కుటుంబం. తండ్రి అనాటమీ ప్రొఫెసర్‌. తల్లి చిన్నతనంలోనే పోయింది. గోటింగెన్‌ యూనివర్సిటీలో 1906లో డాక్టరేట్‌ తీసుకుని, 1921లో అదే గోటింగెన్‌కు ప్రొఫెసర్‌గా తిరిగొచ్చాడు. ఆయన దగ్గర పనిచేసినవాళ్ల లిస్టు చూస్తే కళ్లు తిరుగుతాయి. పౌలీ, హైజెన్‌బర్గ్‌ అసిస్టెంట్లు. ఓపెన్‌హైమర్‌, మారియా గోపెర్ట్‌ మేయర్‌ పీహెచ్‌డీ విద్యార్థులు.

1925 జులైలో 23 ఏళ్ల హైజెన్‌బర్గ్‌ ఒక పేపర్‌ రాసి, ఇది పనికొస్తుందో లేదో చూడమని బోర్న్‌ చేతిలో పెట్టి ఊరెళ్లాడు. అందులో గుణకారం వింతగా ఉంది. ఏ ని బి తో గుణిస్తే ఒకటి, బి ని ఏ తో గుణిస్తే ఇంకొకటి వస్తోంది. కొన్ని రోజులు బుర్ర పగలగొట్టుకున్నాక బోర్న్‌కు తట్టింది. ఇవి మాట్రిక్స్‌లే, బ్రెస్లావ్‌లో స్టూడెంటుగా ఉన్నప్పుడు నేర్చుకున్నవే! మీరు ఇంటర్‌ ఫస్టియర్‌ మ్యాథ్స్‌ 1ఏలో చేసినవే అనుకోండి. ఆనాటి ఫిజిక్స్‌ వాళ్లలో చాలామందికి అవి తెలియవు. పౌలీని సాయం అడిగితే ఒప్పుకోలేదు. పాస్కల్‌ జోర్డాన్‌ అనే కుర్రాడు ఒప్పుకున్నాడు. ఆ ఏడాది చివరికల్లా బోర్న్‌, హైజెన్‌బర్గ్‌, జోర్డాన్‌ ముగ్గురూ కలిసి రాసిన పేపరుతో క్వాంటం మెకానిక్స్‌ ఒక రూపానికి వచ్చింది.

మరుసటి ఏడాది, 1926లో, ఆయన ఇంకో మాట చెప్పాడు. ఎలక్ట్రాన్‌ ఫలానా చోట ఉందని ఖాయంగా చెప్పలేం, ఎంత అవకాశం ఉందో మాత్రమే చెప్పగలం అని. తమాషా ఏంటంటే, ఆ అవకాశాన్ని లెక్కకట్టే సూత్రాన్ని పేపర్‌ లోపల తప్పు రాసి, అచ్చు ప్రూఫులు దిద్దేటప్పుడు, కాదు దాని వర్గం తీసుకోవాలి అని కింద ఫుట్‌నోట్‌లో సరిచేశాడు. తర్వాతెప్పుడో వచ్చిన నోబెల్‌కు ముఖ్యమైన ఆధారం ఆ ఫుట్‌నోటే.

ఇక 1933. హిట్లర్‌ అధికారంలోకి వచ్చాడు. యూదుల్ని ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేసే చట్టం ఏప్రిల్‌లో వచ్చింది. ఆ నెలాఖరులో పేపర్‌ తెరిస్తే సస్పెండైన ప్రొఫెసర్ల లిస్టులో బోర్న్‌కు తన పేరు కనిపించింది. రిజల్ట్స్‌లో మీ నెంబర్‌ లేని రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఈయన 12 ఏళ్లుగా నడుపుతున్న విభాగం ఆ ఒక్క లిస్టుతో పోయింది. మే నెలలో భార్య హెడీ, ముగ్గురు పిల్లలతో ఇటలీ కొండల్లోకి వెళ్లిపోయాడు. అక్కణ్నుంచి కేంబ్రిడ్జ్‌. దొరికింది మూడేళ్ల టెంపరరీ లెక్చరర్‌ పోస్టు.

ఆ ఏడాదే హైజెన్‌బర్గ్‌కు మాక్స్‌ ప్లాంక్‌ మెడల్‌ వచ్చింది. నవంబర్‌లో నోబెల్‌ కూడా ప్రకటించారు. పేరు ఒక్కడిదే. ముగ్గురం చేసిన పనికి నేనొక్కణ్నే తీసుకోవడం మనసుకు కష్టంగా ఉందని హైజెన్‌బర్గ్‌ బోర్న్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంతో బోర్న్‌ బాధ తగ్గిందో పెరిగిందో!

కేంబ్రిడ్జ్‌ గడువు దగ్గర పడుతున్నప్పుడు సి.వి.రామన్‌ నుంచి పిలుపు వచ్చింది. రామన్‌ అప్పటికి బెంగళూరు ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సైన్స్‌ డైరెక్టర్‌. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. జర్మనీ వదిలేస్తున్న శాస్త్రవేత్తల్ని ఇక్కడికి తెచ్చుకోవాలని ఆయన ఆశ. అలా 1935 చివర్లో బోర్న్‌, హెడీ ఆరు నెలల కోసం బెంగళూరు వచ్చారు. 53వ పుట్టినరోజు అక్కడే గడిచింది. ఊరు నచ్చింది, మనుషులు నచ్చారు. అక్కడి యువ పరిశోధకుడు నాగేంద్రనాథ్‌తో కలిసి పేపర్‌ కూడా రాశాడు. ఇక్కడే ఉండిపోతే బావుండు అనిపించింది. రామన్‌ పర్మనెంట్‌ ప్రొఫెసర్‌ పోస్టు ఇద్దామని ప్రతిపాదించాడు.

ఫ్యాకల్టీ మీటింగ్‌ పెట్టారు. బోర్న్‌ అక్కడే కూర్చుని ఉన్నాడు. కొత్తగా వచ్చిన ఒక ఇంగ్లిష్‌ ప్రొఫెసర్‌ లేచి, సొంత దేశం తరిమేసిన ఈ రెండో రకం విదేశీయుడు మనకెందుకని అందరి ముందే అనేశాడు. ఆ ప్రొఫెసర్‌ దంపతుల్ని బోర్న్‌ కుటుంబం ఆప్యాయంగా చూసుకుంది, అదీ ఎక్కువ బాధ పెట్టింది. ఇంటికెళ్లి హెడీ దగ్గర ఏడ్చేశానని ఆయనే తర్వాత రాసుకున్నాడు.

నిజానికి రామన్‌కూ సంస్థలో కొందరికీ అప్పటికే పడటం లేదు. డబ్బు దగ్గరా పేచీలున్నాయి. బోర్న్‌ పోస్టు ఆ గొడవలో నలిగిపోయింది. అంటే ఇంటర్వ్యూలో తప్పు చెప్పి పోగొట్టుకున్న ఉద్యోగం కాదది, పక్కవాళ్ల తగాదాలో పోయింది. మరుసటి ఏడాది, 1937లో, రామన్‌ కూడా డైరెక్టర్‌ పదవి వదులుకోవాల్సి వచ్చింది. చిన్న పిట్టకథ. నిజాం కాలేజీలో చదివిన మన తెలుగువాడు సూరి భగవంతం రామన్‌ శిష్యుడు. 1952 నుంచి ఉస్మానియా వైస్‌చాన్స్‌లర్‌గా చేసి, 1957లో అదే బెంగళూరు సంస్థకు డైరెక్టర్‌గా వెళ్లారు. నారాయణగూడ హాస్టల్‌ నుంచి బషీర్‌బాగ్‌ మీదుగా వెళ్తున్నప్పుడు నిజాం కాలేజీ గేటు కనిపిస్తుంది కదా, ఆ కాలేజీయే.

బోర్న్‌ ఖాళీ చేతులతో ఇంగ్లండ్‌ తిరిగొచ్చాడు. మాస్కోలో పని ఇప్పిస్తానని కపిట్సా కబురు పెడితే, సరే అదైనా చూద్దామని రష్యన్‌ పాఠాలు మొదలుపెట్టాడు. 50 దాటాక కొత్త లిపి! ఇంతలో ఎడిన్‌బరోలో చార్లెస్‌ డార్విన్‌ ఖాళీ చేసిన ప్రొఫెసర్‌ కుర్చీ దొరికింది. పరిణామ సిద్ధాంతం డార్విన్‌ కాదు, ఆయన మనవడు. 1936 అక్టోబర్‌లో చేరిన బోర్న్‌ రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. బ్రిటిష్‌ పౌరసత్వం 1939 ఆగస్టు 31న వచ్చింది. మర్నాడే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అది లేకపోతే శత్రుదేశస్తుడిగా క్యాంపులో ఉండాల్సి వచ్చేదేమో.

ఇప్పుడు మెడల్‌ సంవత్సరాలు చూడండి. 1925 పేపర్‌ రాసిన ముగ్గురిలో హైజెన్‌బర్గ్‌కు 1933లో వచ్చింది. నాజీ పార్టీలో చేరిన జోర్డాన్‌కు 1942లో, యుద్ధం మధ్యలో వచ్చింది. బోర్న్‌కు మాత్రం హిట్లర్‌ పోయాక, 1948లో. తనను లిస్టులో పెట్టి తీసేసిన దేశం నుంచే వచ్చిన పతకం, ఇద్దరు కుర్రాళ్ల తర్వాత, 65 ఏళ్ల వయసులో. దాన్ని ఆయన కాదనలేదు. నేనైతే ఆలోచించేవాణ్ని. అదే ఏడాది ఆయన పెద్ద కూతురు ఐరీన్‌కు ఒక పాప పుట్టింది. పేరు ఒలీవియా న్యూటన్‌ జాన్‌. ఇంగ్లిష్‌ పాటలు వినే అలవాటుంటే గుర్తుపడతారు.

1953లో రిటైరయ్యాక బోర్న్‌ జర్మనీకే తిరిగి వెళ్లాడు. ఐన్‌స్టీన్‌కు అది నచ్చలేదు. కానీ ఇంటి లెక్క వేరు. ఎడిన్‌బరో సర్వీసు తక్కువ కాబట్టి అక్కడి పెన్షన్‌ చాలదు, జర్మనీలో పాత పెన్షన్‌ మళ్లీ ఇస్తామన్నారు. బాడ్‌ పిర్మాంట్‌ అనే చిన్న ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. 1954లో నోబెల్‌ వచ్చింది, 28 ఏళ్ల కిందటి పనికి. 1955లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా రసెల్‌, ఐన్‌స్టీన్‌ తెచ్చిన ప్రకటన మీద ఆయన సంతకం కూడా ఉంది.

1970 జనవరి 5న గోటింగెన్‌లో పోయాడు. సమాధి అక్కడే ఉంది. రాయి మీద ఒక సమీకరణం చెక్కారు, పీక్యూ మైనస్‌ క్యూపీ అని మొదలవుతుంది. 1925లో ఆ మాట్రిక్స్‌ల నుంచి బోర్న్‌ పట్టుకున్నది. చాలా పుస్తకాల్లో ఇప్పటికీ దాన్ని హైజెన్‌బర్గ్‌ పేరు మీదే వేస్తున్నారు.