అమ్మలక్కల కథలకు అచ్చు రూపమిచ్చిన ఉపేంద్రకిశోర్

పొద్దు గూకగానే పల్లెటూళ్లలో చంటిపిల్లలు అన్నం తినకుండానే నిద్రకు తూగుతారు. పొయ్యి మీద అన్నం ఉడికేవరకు వారిని నిద్రపోనీయకుండా తూర్పు బెంగాలు స్త్రీలు పిట్టల కథలు, నక్కల కథలు చెప్పేవారు. ఆ కథలను పోగుచేసి పుస్తకంగా వెలువరించిన మహనీయుడు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి.

ఆయన 1863లో మైమెన్‌సింగ్ జిల్లా మసూవా గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు కామదారంజన్. అయిదేళ్ల ప్రాయంలో బంధువైన జమీందారు హరికిశోర్ దత్తత తీసుకుని పేరు మార్చారు. ఉపేంద్రకిశోర్ కలకత్తాలో బి.ఏ. పూర్తిచేసి, బ్రహ్మసమాజంలో చేరారు. చిత్రలేఖనంలోనూ, వయొలిన్ వాదనలోనూ ఆయన దిట్ట.

పిల్లల కోసం రామాయణం రాసి, దానికి బొమ్మలు కూడా తానే వేశారు. అయితే చెక్క బ్లాకులతో అచ్చువేయడం వల్ల ఆ బొమ్మలు పాడయ్యాయి. పిల్లల పుస్తకమే కదా అని ఆయన సరిపెట్టుకోలేదు. 1895లో ఇంగ్లండు నుంచి కెమెరా, ఇతర సామగ్రి తెప్పించి, హాఫ్‌టోన్ బ్లాకుల తయారీని స్వయంకృషితో నేర్చుకున్నారు. ఆ విద్యపై ఆయన రాసిన వ్యాసాలను ఇంగ్లండులోని 'పెన్రోజ్ యాన్యువల్' ప్రచురించింది.

1910లో వెలువడిన 'టున్‌టునీర్ బోయి' ఆయనకు చిరకీర్తి తెచ్చింది. టున్‌టుని అంటే ఆకులు కుట్టి గూడు కట్టుకునే చిన్న పిట్ట. రాజుగారి నాణెం ఒకటి దొరకగానే తానూ రాజుతో సమానమేనని ఆ పిట్ట చాటుతుంది. నాణెం లాక్కుంటే రాజే బీదవాడని ఎగతాళి చేస్తుంది. పిట్టను శిక్షించబోయి చివరకు రాజే ముక్కు పోగొట్టుకుంటాడు. మరో కథలో నక్క పంతులు మొసలి పిల్లలు ఏడింటికి చదువు చెబుతానని చేర్చుకుంటుంది. రోజుకొకటి తింటూ, మిగిలినవాటినే మళ్లీ మళ్లీ చూపి తల్లికి లెక్క సరిపెడుతుంది. పులి మాత్రం ఈ కథల్లో వట్టి వెర్రిబాగులది. బలం ఉన్నవాడికి బుద్ధి ఉండాలని లేదని నవ్విస్తూనే తెలియజెప్పారు.

1913లో 'సందేశ్' బాలల మాసపత్రికను స్థాపించారు. ఆ మాటకు వార్త అనీ, మిఠాయి అనీ రెండర్థాలు. అప్పటికే ఆయనకు మధుమేహం ముదిరింది. ఇన్సులిన్ ఇంకా రాని రోజులవి. అయినా కలం వదలలేదు. 'గూపీ గాయెన్ బాఘా బాయెన్' కథను 1915లో ఆ పత్రికలోనే రాశారు. అదే ఏడాది డిసెంబరు 20న 52వ ఏట కన్నుమూశారు.

కుమారుడు సుకుమార్ రాయ్ పత్రికను కొనసాగించారు. మనుమడు సత్యజిత్ రాయ్ 1921లో పుట్టారు. తాతను ఆయన చూడలేదు. అయినా 1961లో 'సందేశ్'ను పునరుద్ధరించారు, 1969లో గూపీ, బాఘాల కథను సినిమాగా తీశారు. తాత పరిచయం మనుమడికి అచ్చు అక్షరాల ద్వారానే కలిగింది. అచ్చు కాకపోతే ఆ పిట్ట కథలు కూడా చెప్పిన స్త్రీలతోనే వెళ్లిపోయేవి.