విద్యానిధికి తపించిన కట్టమంచి

భద్రాచలం: 1959లో ఖమ్మం జిల్లాలో చేరేవరకు భద్రాచలం మన్యం తూర్పు గోదావరి జిల్లాలో భాగం. నాడు ఈ ప్రాంతం ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోనిది. 1926లో దానికి తొలి ఉపకులపతి డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి. 1880లో చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో జన్మించిన ఆయన కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించారు. మైసూరు సంస్థానంలో విద్యాశాఖను నడిపారు.

విశ్వవిద్యాలయ అభివృద్ధికి ఆయన చేసిన కృషికి, అడవుల సీమ జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవవర్మ వితరణ తోడైంది. ఏటా లక్ష రూపాయల విరాళమిచ్చిన ఆ మహారాజు పేరు శాస్త్ర, సాంకేతిక కళాశాలకు పెట్టారు.

విరాళాలు కోరిన కట్టమంచి పదవి కోసం తలవంచలేదు. ఆంగ్లేయుల దమనకాండకు నిరసనగా 1930లో రాజీనామా చేశారు. 1936లో తిరిగి బాధ్యతలు చేపట్టి 1949 వరకు కొనసాగారు. 1951లో కన్నుమూశారు. విద్యాలయానికి నిధులెంత అవసరమో ఆత్మగౌరవమూ అంతే అవసరమని ఆయన జీవితం చాటింది.