పియేర్ లె ర్వా

బేరన్ పియేర్ లె ర్వా ద బ్వాజోమార్యే (1890 - 1967) ఫ్రాన్సు దేశానికి చెందిన ద్రాక్ష రైతు, న్యాయశాస్త్ర పట్టభద్రుడు. దక్షిణ ఫ్రాన్సులో రోన్ నదీలోయలో తయారయ్యే షాతోనెఫ్-దు-పాప్ అనే ఎర్ర వైన్‌కు నియమావళి రూపొందించి, ఆ పేరుకు చట్టరక్షణ సాధించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు.

జీవితం

ఈయన మాంపెలియేలో న్యాయశాస్త్రం చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమాన చోదకుడిగా పనిచేశాడు. వివాహం ద్వారా షాతోనెఫ్ గ్రామంలోని ఫోర్తియా ద్రాక్షతోటల బాధ్యత ఈయనకు సంక్రమించింది.

నేపథ్యం

షాతోనెఫ్-దు-పాప్ అంటే 'పోపుగారి కొత్త కోట' అని అర్థం. 14వ శతాబ్దంలో ఆవిన్యోఁ నగరం నుండి పాలించిన పోపులు ఇక్కడ కోట కట్టించారు. అయితే ఈ ఘనత రైతుకు అన్నం పెట్టలేదు. ఇక్కడి వైన్ చాలాకాలం పీపాలలో బర్గండీకి వెళ్ళి, అక్కడి పలుచని వైన్లకు బలం చేకూర్చడానికి ఉపయోగపడేది. మరోవైపు ఎక్కడెక్కడి వైన్లో ఈ ఊరి పేరుతో అమ్ముడయ్యేవి. 1919 నాటి ఫ్రెంచి చట్టం పేరును ప్రాంతానికి ముడిపెట్టిందే గాని, ఏ రకం ద్రాక్ష, ఏ పద్ధతి అన్నది పట్టించుకోలేదు. అసలు లోపం అదే.

నియమావళి

1923లో గ్రామ రైతులు తమకు నాయకత్వం వహించమని లె ర్వాను కోరారు. ముందుగా రైతులే కట్టుబాట్లకు లోబడాలని ఈయన షరతు పెట్టాడు. నకిలీలపై ఫిర్యాదు చేసేవారు తమ పంటకు తామే హద్దులు గీసుకోవడం అరుదైన విషయం. లావెండర్, థైమ్ మొక్కలు పెరిగే నిస్సారమైన నేలలలోనే ద్రాక్ష వేయాలి. సారవంతమైన నేలలు పనికిరావు. నిర్ణయించిన ద్రాక్ష రకాలే వాడాలి. కోతలో కనీసం 5 శాతం పండ్లు ఏరి పక్కన పెట్టాలి. ఆల్కహాలు 12.5 శాతానికి తగ్గరాదు. గులాబీరంగు వైన్‌కు ఈ పేరు చెల్లదు.

తీపి లేని ఈ ఎర్ర వైన్ పలు ద్రాక్షల మిశ్రమం. గ్రెనాష్ ప్రధానం కాగా సిరా, మూర్వెద్ర్, సేంసో మొదలైనవి తోడవుతాయి. తెల్లద్రాక్షలు కూడా అనుమతించిన 13 రకాలలో ఉన్నాయి. రంగుల భేదాన్ని విడివిడిగా లెక్కించి 2009లో వీటిని 18గా పేర్కొన్నారు.

చట్టరక్షణ

సరిహద్దుల వివాదం న్యాయస్థానాలలో ఏళ్ళ తరబడి సాగి 1933లో ముగిసింది. 1935లో జోసెఫ్ కాప్యూతో కలిసి మూలస్థాన నామాల జాతీయ సంఘం స్థాపనలో లె ర్వా ముఖ్యపాత్ర వహించాడు. 1936 మే 15న షాతోనెఫ్-దు-పాప్‌కు అధికారిక గుర్తింపు లభించింది. ఈ విధంగా గుర్తింపు పొందిన తొలి ఫ్రెంచి వైన్లలో ఇది ఒకటి. తర్వాతి కాలంలో మన పోచంపల్లి ఇక్కత్‌కు లభించిన భౌగోళిక గుర్తింపు కూడా ఈ కోవకు చెందినదే.

1947లో ఈయన ఆ జాతీయ సంస్థకు అధ్యక్షుడై, 1967లో మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు.