తెలుగు నేర్చిన పుదుచ్చేరి పాదరీ: గాస్తోన్ కెర్దూ జీవితకథ

మన హోసూరు, కృష్ణగిరి సీమలో పుట్టి పెరిగిన బిడ్డకు బడిలో చేరకముందే మూడు నాలుగు భాషలు చెవిన పడతాయి. ఇంట తెలుగు, అంగడిలో తమిళం, బెంగళూరు దారిలో కన్నడం, ఇరుగుపొరుగున ఉర్దూ. ఒక భాషలోని మాట మరొక భాషలోని మాటను పోలి ఉండడం మనకు నిత్యానుభవం. ఆ పోలిక ఎక్కడినుండి వచ్చిందని ఆగి ఆలోచించేవారు మాత్రం అరుదు. రెండున్నర శతాబ్దాల క్రితం అలా ఆలోచించిన ఒక ఫ్రెంచి పాదరీ ఉన్నారు. ఆయన తెలుగుసీమలో మన భాష నేర్చి, పుదుచ్చేరి కడలితీరాన కన్నుమూశారు. ఒక తెలుగు బడి ప్లాటినం ఉత్సవ సంచికలో ఆయనను స్మరించుకోవడం సముచితం.

గాస్తోన్ లోరాన్ కెర్దూ 1691లో ఫ్రాన్సు దేశంలోని బూర్జ్ నగరంలో జన్మించారు. యౌవనంలోనే జెస్యూట్ సభలో చేరి, గురువుగా అభిషిక్తులై, 1732లో భారతదేశానికి వచ్చారు. ఆనాటికే ఫ్రెంచి జెస్యూట్లు కర్ణాటక మిషన్ అనే పేరుతో తెలుగు పల్లెల్లో పనిచేస్తూ ఉండేవారు. మనకు ఉత్తరాన ఉన్న పుంగనూరు వారి తొలి స్థావరాల్లో ఒకటి. కెర్దూ కూడా తెలుగు ప్రాంతానికే నియుక్తులయ్యారు. అక్కడే ఆయన తెలుగు అభ్యసించారు, సంస్కృతం వైపు దృష్టి సారించారు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాలతో నిఘంటువు కూర్చారు. ఇది బ్రౌను దొర నిఘంటువుకు నూరేండ్లనాటి మాట.

అనంతరం ఆయన పుదుచ్చేరి చేరి, 1744 నుండి 1751 వరకు ఆ మిషనుకు పెద్దగా వ్యవహరించారు. ఆ రేవుపట్టణంలో జెస్యూట్ల తొలి దేవాలయం డచ్చివారి దాడిలో కూలిపోయింది. తరువాత 1728లో ప్రారంభించి 1736లో పూర్తిచేసిన పెద్ద కోవెల ఆనాడు విఖ్యాతి గాంచింది. సెయింట్ పాల్ అనే పేరు స్థానికుల నోట సంబా కోవిల్ అయింది. నావికులు, వర్తకులు, నేతగాళ్లు, అద్దకపువారు, దుబాసీలు ఆ కోవెల చుట్టూ బ్రతికేవారు.

కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రాలకు ఐరోపాలో అప్పుడు ఎనలేని గిరాకి. వాటి ధాటికి తాళలేక ఫ్రాన్సు 1686లో ఆ బట్టలను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఎన్ని ఉతుకులకూ చెదరని ఆ రంగుల మర్మం ఐరోపావారికి అంతుబట్టలేదు. క్రైస్తవం స్వీకరించిన అద్దకపువారిని అడిగి, ఆ పనిని దగ్గరుండి గమనించి, కెర్దూ 1742లో స్వదేశానికి సవివరమైన లేఖ వ్రాశారు. కరక్కాయ, గేదెపాలతో గుడ్డను సిద్ధపరచడం, పటికతో ఎరుపుకు పట్టు కల్పించడం, చిరివేరులో కాచడం, మైనం పూసి నీలిలో ముంచడం, అన్నీ క్రమంగా తెలిపారు. ఐరోపా అద్దకశాలలకు ఆ లేఖ పాఠ్యగ్రంథమైంది. కాని ఆ విద్యను చేత ఎరిగి, విప్పి చెప్పినవారి పేర్లు లోకానికి అందలేదు.

కెర్దూ జీవితంలో దాచరాని అధ్యాయం మరొకటి ఉన్నది. 1748లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ముట్టడించిన తరుణంలో, జెస్యూట్ల కోవెల పక్కనే ఉన్న వేదపురీశ్వరస్వామి ఆలయాన్ని డూప్లే ప్రభుత్వం పడగొట్టించింది. డూప్లేకు ప్రధాన దుబాసీ అయిన ఆనందరంగ పిళ్లె తన దినచర్యలో ఆ ఘటనను బాధతో నమోదు చేశారు. కెర్దూ స్వయంగా సుత్తి పట్టి శివలింగంపై దెబ్బ వేసినట్లు అందులో ఉన్నది. ఈ పిళ్లె తెలుగువారికి పరాయివాడు కాడు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమైన ఆనందరంగరాట్ఛందమును ఆయనకే అంకితమిచ్చారు. ఒకరి భాష నేర్చినంత మాత్రాన వారి హృదయాన్ని గౌరవించడం దానంతట అది రాదని ఈ ఘటన చెబుతుంది. పండితుని పాండిత్యం ఆయన చేసిన అపచారాన్ని చెరపజాలదు.

కాలం తన పని తాను చేసింది. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొని నేలమట్టం చేశారు. జెస్యూట్ల పెద్ద కోవెల కూడా ఆ విధ్వంసంలో కూలింది. కెర్దూకు అప్పటికి డెబ్బయ్యేండ్లు సమీపిస్తున్నాయి.

ఆ వయస్సులోనే ఆయన జీవితంలోని మహత్తర కార్యం జరిగింది. పారిస్ విద్వత్సభ సభ్యుడైన బార్తెలెమీ సంస్కృతాన్ని గురించి అడిగిన సందర్భంలో, 1767 ప్రాంతంలో ఆయన ఒక వ్యాసం పంపారు. సంస్కృతంలోని దానం లాటిన్‌లో డోనుమ్. జాను అక్కడ గెను. విధవ అక్కడ విడువ. ఈ సామ్యం వర్తకం వల్లనో, ఎరువు తెచ్చుకోవడం వల్లనో ఏర్పడినది కాదనీ, ఈ జాతుల భాషలకు మూలం ఒక్కటేననీ ఆయన ప్రతిపాదించారు. కారణాన్ని బైబిలులోని బాబెలు గోపుర కథలో వెదికినా, పరిశీలన మాత్రం సత్యమైనది. పరాయివని తలచిన రెండు ప్రపంచాలు ఒకే ఇంటివని చెప్పిన లేఖ అది.

ఆ లేఖ దశాబ్దాలపాటు అచ్చుకాలేదు. ఈలోగా 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అదే సంగతి ప్రకటించి కీర్తి గడించారు. కెర్దూ లేఖ 1808లో గాని వెలుగు చూడలేదు. ఆయన 1779లోనే పుదుచ్చేరిలో పరమపదించారు. అంతకు ముందే, 1773లో పోపు తమ సభను రద్దుచేయగా, మిషను పారిస్ విదేశీ మిషన్ల గురువుల పరమైంది. కూలిన కోవెల చోట 1770లో ఆరంభమైన నేటి దేవాలయం 1791లో పూర్తయింది.

ఇంకొక విచిత్రం. శ్రీరంగపట్నం పతనానంతరం మైసూరు సీమలో పనిచేసిన అబ్బే దుబువా, హిందువుల ఆచారవ్యవహారాలపై వ్రాతప్రతిని కుంపిణీకి రెండువేల స్టార్ వరహాలకు అమ్మారు. అది జగత్ప్రసిద్ధమైంది. 1977లో సిల్వియా ముర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు లండనులో దొరికిన 1777 నాటి ప్రతిని పరిశీలించి, దుబువా గ్రంథానికి ఆధారం కెర్దూ రచనేనని నిరూపించారు. అద్దకపువారికి పట్టిన గతే వారి విద్యను లోకానికి చాటినవానికీ పట్టిందన్నమాట!

తెలుగు, తమిళ, కన్నడాలు సంస్కృతజన్యాలు కావనీ, వేరొక కుటుంబానికి చెందినవనీ 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ నిరూపించారు. కెర్దూ ప్రశ్న అలా మన హోసూరు వీధి దాకా వచ్చింది. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన పిల్లలు అక్కచెల్లెళ్ల భాషలనే మాట్లాడుతున్నారు.

పూర్వవిద్యార్థులకూ, తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయ మిత్రులకూ ఒక్క విన్నపం. పిల్లలకు భాష నేర్పుదాం. ఆ భాష మాట్లాడేవారి గుడినీ, కోవెలనూ, మసీదునూ మన్నించడమూ నేర్పుదాం. మనకు విద్య నేర్పినవారి పేర్లు మరువకుండా వ్రాసిపెడదాం. అక్షరం నేర్చినందుకు మనం తీర్చవలసిన ఋణం ఇదే.