బ్యాంకు కొందామని వెళ్లి... హోటల్ కొన్నాడు!

హిల్టన్ హోటళ్ల పేరు వినని వాళ్లు తక్కువ. కానీ ఆ పేరు వెనకున్న కాన్రాడ్ హిల్టన్ కల హోటళ్లు కాదు, బ్యాంకులు! ఆ కలని మార్చేసింది చమురు జోరుతో కిక్కిరిసిన ఓ చిన్న ఊరి బజారు.

కాన్రాడ్ 1887 డిసెంబరు 25న అమెరికాలోని న్యూమెక్సికోలో, శాన్ ఆంటోనియో అనే పల్లెలో పుట్టాడు. నార్వే నుంచి వలస వచ్చిన తండ్రి అక్కడ కొట్టు నడిపేవాడు. 1907 ఆర్థిక సంక్షోభంలో వ్యాపారం దెబ్బతింటే, ఇంట్లో గదుల్ని ప్రయాణికులకి అద్దెకిచ్చి కుటుంబం నెట్టుకొచ్చింది. కాన్రాడ్ తర్వాత శాసనసభకి ఎన్నికయ్యాడు. 1913లో సొంతూళ్లో చిన్న బ్యాంకు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో ఉండగా, కారు ప్రమాదంలో తండ్రి పోయాడన్న కబురొచ్చింది. తిరిగొచ్చేసరికి వయసు 31. చేతిలో ఉన్నది దాదాపు 5 వేల డాలర్లు.

చమురు పడింది... చోటు కరవైంది

అప్పటికి టెక్సస్‌లోని ఈస్ట్‌లాండ్ కౌంటీ రూపే మారిపోయింది. కరవుతో పంటలు పోయిన ఆ ప్రాంతంలో, 1917 అక్టోబరులో రేంజర్ అనే ఊరి దగ్గర చమురు ఎగజిమ్మింది. కూలీలు, భూముల దళారులు, యంత్రాలు అమ్మేవాళ్లు... జనం వేలల్లో వచ్చిపడ్డారు. పక్కనే రైలు జంక్షనైన సిస్కో కూడా కిటకిటలాడింది.

1919లో కాన్రాడ్ సిస్కోలో దిగాడు. అమ్మకానికున్న బ్యాంకుని 75 వేల డాలర్లకి బేరమాడాడు. యజమాని ఉన్నట్టుండి 80 వేలన్నాడు. కాన్రాడ్‌కి ఒళ్లు మండింది. బేరం వదిలేసి, రాత్రికి తలదాచుకుందామని దగ్గర్లోని మోబ్లీ హోటల్‌కి వెళ్లాడు. అక్కడా గది లేదు! ఉన్న 40 గదుల్నీ 8 గంటల చొప్పున రోజుకి మూడు విడతలుగా అద్దెకిస్తున్నారు. ఒకరు లేస్తే ఆ మంచం మీద ఇంకొకరు.

విచిత్రమేంటంటే, యజమానికి ఆ హోటల్ గుదిబండలా తోచింది. దాన్ని అమ్మేసి చమురు వేటకి పోవాలన్నది అతని ఆరాటం. కాన్రాడ్ చూపు మాత్రం కౌంటర్ ముందున్న గుంపు మీద పడింది. చమురు ఎవరికి పడుతుందో చెప్పలేం. కానీ వెతికే ప్రతివాడికీ నిద్ర కావాలి! లెక్కల పుస్తకాలు తిరగేసి, 40 వేల డాలర్లకి ఖాయం చేసుకున్నాడు. తన డబ్బుకి తల్లి, మిత్రులు ఇచ్చింది, బ్యాంకు అప్పు కలిపాడు.

వృథా జాగా కనిపిస్తే ఒట్టు

లాభం తక్కువగా ఉన్న భోజనశాలని తీసేసి మంచాలు వేయించాడు. పొడవాటి కౌంటర్‌ని సగానికి తగ్గించి, ఆ జాగాలో పత్రికలు, పొగాకు అమ్మే కొట్టు పెట్టాడు. హోటల్‌కి మంచిపేరు మీ చేతుల్లోనే ఉందని పనివాళ్లకి నూరిపోశాడు. రద్దీ ఎక్కువైతే తన గది కూడా అద్దెకిచ్చి ఆఫీసు కుర్చీలో కునుకు తీసేవాడు.

రేంజర్ చమురు జోరు కొన్నేళ్లకే చల్లబడింది. అప్పటికి కాన్రాడ్ ఒక్క ఊరినే నమ్ముకోకుండా టెక్సస్‌లోని పెద్ద నగరాల వైపు కదిలాడు. తన పేరుతో తొలి హోటల్‌ని 1925లో డల్లాస్‌లో తెరిచాడు. 1930ల మహామాంద్యంలో అప్పులపాలై కొన్ని హోటళ్లు పోగొట్టుకున్నాడు. అయినా రంగం వదల్లేదు. 1949లో న్యూయార్క్‌లోని ప్రఖ్యాత వాల్డార్ఫ్ అస్టోరియా నిర్వహణ ఆయన చేతికొచ్చింది. 1979 జనవరి 3న కన్నుమూసేనాటికి, ఆస్తిలో అత్యధిక భాగం సేవాసంస్థకి రాసిచ్చాడు.

మీ ఊరికి ఫ్యాక్టరీ వచ్చినా, కొత్త రోడ్డు పడినా అందరి కళ్లూ దానిమీదే ఉంటాయి. అక్కడికి వచ్చేవాళ్లకి ఏం దొరకడం లేదో ఓసారి చూడండి. అవకాశం అక్కడే ఉండొచ్చు. ఆ జోరు తగ్గితే ఏం చేయాలో కూడా ముందే ఆలోచించుకోండి.